ఒక సంతకం కోసం మూడు జిల్లాలు

యాత్రకు వెళ్లేవారు సాధారణంగా గుడినో, కోటనో, జలపాతాన్నో చూడటానికి వెళతారు. నేను ఒక సంతకం కోసం వెళ్లాను. నా శరీరానికి జరగవలసిన శస్త్రచికిత్సకు నా సంతకం అప్పటికే ఉంది. వయసు వచ్చిన మనిషి సమ్మతి చట్టానికి చాలునని చదివాను. హైదరాబాదులోని ఆసుపత్రికి మాత్రం అది చాలలేదు. రక్తసంబంధీకులలో ఒకరు కాగితంపై సంతకం చేసి, ఆ రోజంతా ఆపరేషన్ థియేటర్ బయట కూర్చోవాలన్నారు. "స్నేహితులు రాకూడదా?" అని కౌంటరులోని అమ్మాయిని వినయంగా అడిగాను. "రావచ్చు సార్. పండ్లు తేవచ్చు" అని ఆమె అంతే వినయంగా చెప్పింది.

మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేను. పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. పుట్టినప్పుడు నన్ను ఆడపిల్లగా నమోదు చేశారు. అది నాకు దిద్దే అవకాశం రాని మొదటి అచ్చుతప్పు. నేను పురుషుడినన్న సంగతి నాకు తెలిసి ఇరవై ఏళ్లు, మా బంధువులకు తెలిసి మూడేళ్లు. రెండేళ్లుగా వైద్యుల పర్యవేక్షణలో హార్మోన్ సూదులు తీసుకుంటున్నాను. గొంతు మారింది, గడ్డం వచ్చింది. ఇంట్లో పెట్టిన పేరును ఇక్కడ రాయను. నవీన్ అంటే పలుకుతాను.

అవ్వా బాపూ, అంటే అమ్మా నాన్నా, లేరు. మిగిలిన రక్తసంబంధం మూడు చోట్ల ఉంది: జనగామలో అన్న, మహబూబాబాద్ పక్కన కురవిలో మేనమామ, భూపాలపల్లిలో అవ్వ చెల్లెలు, అంటే మా చిన్నవ్వ. శస్త్రచికిత్స సోమవారం. సంతకం చేసే మనిషి దొరకక ఒకసారి తేదీ పోగొట్టుకున్నాను. మళ్లీ దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈసారి బుధవారం ఉదయమే, కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని రైలెక్కాను.

జనగామ: అన్న చదివిన తొలి కాగితం

మా అన్నకు జనగామలో ఎరువుల దుకాణం ఉంది. ఊళ్లో ఆయన సంతకానికి మంచి పేరు. ఎవరు ఏ కాగితం తెచ్చినా, పక్కవాడితో మాట్లాడుతూనే, చూడకుండా పెట్టేస్తాడు. బ్యాంకు జామీనుకు, బడి దరఖాస్తుకు, కరెంటు మీటరుకు, ఒకసారి పక్క దుకాణంవాడి పెళ్లి రిజిస్ట్రేషనుకు కూడా. అందుకే మొదట ఆయన దగ్గరికి వెళ్లాను.

నా కాగితాన్ని మాత్రం ఆయన కళ్లజోడు తెప్పించుకుని మూడుసార్లు చదివాడు. మా అన్న ఒక కాగితాన్ని చివరిదాకా చదవడం అదే మొదటిసారని వదిన తర్వాత చెప్పింది.

"గీ ఛాతీది ఏంది?" అన్నాడు.

నేను పద్ధతిగా వివరించాను. రొమ్ములలోని కణజాలాన్ని తీసివేసి ఛాతీని చదునుగా మలుస్తారు. రెండు అడ్డకోతలు పెడతారు, చనుమొనలను తగిన చోట అమరుస్తారు. లోపల చేరే నెత్తురు, నీరు బయటికి రావడానికి కొద్దిరోజులు సన్నని గొట్టాలు ఉంచుతారు. కొన్ని వారాలు బిగుతు పట్టీ వేసుకోవాలి, చేతులు పైకెత్తకూడదు, బరువులు మోయకూడదు. ఇప్పటిదాకా ఛాతీని అదిమిపెట్టే బిగుతు బనీను వేసుకుని తిరుగుతున్నాను. ఎండాకాలం జనగామలో దానితో నిలబడటమంటే ఏమిటో, ఊపిరి అందని పక్కటెముకలనే అడగాలి. ఆ బనీను ఇక అవసరం ఉండదు. రెండోది గర్భసంచి, అండాశయాలు తీసివేయడం. రెండూ ఒకే రోజు.

అన్న శ్రద్ధగా విన్నాడు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం శరీరశాస్త్రానికి చెందినది కాదు.

"గిప్పుడు నువ్వు మొగోనివైతే, బాపు భూమిల వాటా వస్తదా?"

"ఆడపిల్లనన్నప్పుడు గూడ వస్తుండె అన్నా. చట్టం గట్లనే ఉన్నది. నాకొద్దని నువ్వే గద రాయించుకున్నవ్."

"రాసిచ్చింది చెల్లె. రేపు తమ్ముడొచ్చి, నేను రాయలేదని కోర్టుకు పోతే?"

ఈ ఆలోచన నాకు డిగ్రీ ఉన్నా తట్టలేదని ఒప్పుకుంటున్నాను. నన్ను తమ్ముడని ఆయన ఒక్కసారి కూడా పిలవలేదు. తనపై నేను వేస్తానని భయపడిన దావాలో మాత్రం తమ్ముడిగానే చేర్చాడు.

"గిదొక్కటి తప్ప ఇంకేదన్న అడుగు" అన్నాడు చివరికి. ఇంకేదీ అవసరం లేదన్నాను. అయితే రెండు బస్తాల సన్నబియ్యం తీసుకుపొమ్మన్నాడు. కొన్ని వారాలు బరువులు మోయకూడదని చెప్పింది ఆయన అంతలోనే ఎట్లా మరిచిపోయాడో తెలియదు.

ఆ రాత్రి వదిన సర్వపిండి చేసింది. గిన్నె అడుగున బియ్యప్పిండి అద్ది, నువ్వులూ పల్లీలూ మెరిసేలా కాల్చిన ఆ రొట్టె హైదరాబాదులో ఒకటి అరవై రూపాయలు. అదీ మెత్తగా, సాగుతూ ఉంటుంది. ఇక్కడ కరకరలాడింది. సంతకం దొరకని ఇంట్లో భోజనం ఎప్పుడూ చాలా బాగుంటుందని నా పరిశీలన.

తొర్రూరు బస్సు: ఉచితం కాని పురుషుడు

మరునాడు వదిన బస్టాండు దాకా వచ్చింది. ఆమెది దయగల మనసు, అంతకు మించి పొదుపుగల మనసు. రాష్ట్రంలో ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితమన్న సంగతి ఆమె ఒక్క క్షణం మరవదు. నేను పాలకుర్తి, తొర్రూరుల మీదుగా మహబూబాబాద్ పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చోగానే, బయటినుంచి గొంతెత్తి అరిచింది:

"కండక్టరక్కా! గీ పిల్లకు జీరో టికెట్ కొట్టు. ఆధార్ల ఆడనే ఉన్నది!"

బస్సంతా ఆ పిల్ల కోసం వెదికింది. కండక్టరు నా గడ్డాన్ని చూసి, నా వెనక సీటును చూసి, మళ్లీ నా గడ్డాన్ని చూసింది.

"ఏ పిల్లక్కా?"

"గామెనే! గళ్ల అంగి!"

వెనకనుంచి ఒక పెద్దమనిషి లేచాడు. "అక్కా, నేను గూడ రేపు గళ్ల అంగి ఏసుకొస్త, నాకు గూడ జీరో కొడ్తవా?"

"గడ్డం ఉంటె ఏంది, లేకుంటె ఏంది" అని నా పక్కన కూరగాయల గంపతో కూర్చున్న ముసలవ్వ తీర్పు చెప్పింది. "సర్కారు ఊకెనే ఇస్తనంటె తీస్కోక. తీస్కో పిల్లా."

నేను ఐదువందల నోటు తీసి మహబూబాబాద్‌కు పూర్తి టికెట్ అడిగాను. చిల్లర లేదని కండక్టరు, టికెట్ వద్దని అవ్వ, నన్ను లేచి మగవాళ్ల వైపు కూర్చొమ్మని ఇంకెవరో. పాలకుర్తి వచ్చేదాకా ఈ విచారణ నడిచింది. ఎట్టకేలకు టికెట్ నా చేతికి వచ్చింది. ఈ రాష్ట్రంలో పురుషుడిగా ఉన్నందుకు నూరు రూపాయలకు పైగా పడుతుందని ఆ రోజు తెలిసింది; ఏ ప్రయాణంలోనూ అంత సంతోషంగా డబ్బు ఇవ్వలేదు.

"ఊకెనే ఒచ్చేదానికి పైసలిచ్చిండు" అని అవ్వ ముందు సీటామెతో గుసగుసగా అంది. "బాగ సదువుకున్నట్టున్నడు."

ఇచ్చిండు, చదువుకున్నడు. డబ్బు కట్టిన తరవాత వ్యాకరణం దానంతట అదే సర్దుకుంది.

కురవి: ఎవరిది పెడతారు?

మహబూబాబాద్‌లో దిగి ఆటోలో కురవి చేరేసరికి మధ్యాహ్నం. మామ ఇంటి ముందు మిరపకాయలు ఎండబోశారు. హైదరాబాదులో మిరప పొడిగా మాత్రమే కనిపిస్తుంది. ఇక్కడ వాకిలి, అరుగు, ఇంటికి వెళ్లే తోవ అన్నీ ఎర్రగానే ఉంటాయి. అతిథి మొదట తుమ్మాలి, తర్వాత పలకరించాలి. ఆ మర్యాద పాటించి, ఊరికే కూర్చోలేక, మామతో కలిసి సాయంత్రం దాకా కాయలు తిరగేశాను.

మా మామ మంచివాడు. నా చిన్నప్పటినుంచీ నన్ను "కోడలా" అని పిలిచేవాడు. ఈసారి పేరూ వరసా లేకుండా "ఒచ్చినవా" అన్నాడు. కాగితం ఊళ్లో వైద్యం చేసే తెలిసినాయనకు చూపిస్తానన్నాడు, చూపించి వచ్చాడు, వచ్చి చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క మాటడుగుత, ఏమనుకోకు."

"అడుగు మామా."

ఆయన చుట్టూ చూసి, పక్కకు వంగి, దాదాపు వినిపించని గొంతుతో అడిగాడు. "గది... ఎవలిది పెడ్తరు?"

"ఏది?"

"గదే. చచ్చిపోయినోనిదా?" ఆగాడు. అసలు బాధ అప్పుడు బయటికి వచ్చింది. "ఏ కులపోనిది?"

పాఠకులలో కూడా ఈ సందేహం ఉన్నవారు ఉండవచ్చు, అడగడానికి మా మామంత ధైర్యం లేకపోవచ్చు. కనుక ఆయనకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. ఎవరిదీ తెచ్చి పెట్టరు. పురుషాంగాన్ని మలచే శస్త్రచికిత్సలు వేరే ఉన్నాయి. ఒక పద్ధతిలో ఉన్న కణజాలంతోనే చిన్నగా రూపం ఇస్తారు. మరొక పద్ధతిలో ఎక్కువగా మన ముంజేతి చర్మాన్నే రక్తనాళాలు, నరాలతో సహా తీసి మలుస్తారు. అది ఒక్కరోజుతో అయ్యేది కాదు, విడతలుగా నెలల తరబడి సాగుతుంది, చిక్కులూ రావచ్చు. అందరూ అది చేయించుకోరు. నేను ఇప్పుడు చేయించుకోవడం లేదు. ఏ శస్త్రచికిత్సా చేయించుకోని ట్రాన్స్ పురుషులు కూడా ఉన్నారు. ఎవరి శరీరానికి ఏది కావాలో వారూ వైద్యులూ కలిసి నిర్ణయించుకుంటారు.

ఇంత ఉపన్యాసంలో మామకు ఒక్క ముక్క చెవికెక్కింది.

"మన చెయ్యిదేనా?"

"మన చెయ్యిదే."

"అయితే మన కులమే" అని గుండెలనిండా గాలి పీల్చుకుని, వెంటనే తుమ్మాడు.

ఆ ఉత్సాహంలోనే కలం అడిగాడు. నేను కాగితం ముందుకు జరిపాను. ఇంతలో లోపలినుంచి అత్తమ్మ వచ్చింది. వస్తూనే, అరుగుమీద కూర్చుని చదువుకుంటున్న తన చిన్న కూతురిని "లోపలికి నడువు" అని గదిలోకి పంపి, తలుపు దగ్గరగా వేసింది. ఆ పిల్లా నేనూ పదేళ్లపాటు సెలవుల్లో ఒకే చాపమీద పడుకున్నవాళ్లం.

"ఏందే, గా పిల్లను లోపలికెందుకు తోలుతున్నవ్?" అన్నాడు మామ.

"కోడలైతె ఏం లేదు. మీ అక్క కొడుకైతె నీకేమైతడు? అల్లుడు! మన పిల్లకు బావ! నువ్వు సంతకం వెట్టినవంటె వరసైన పిలగాన్ని నువ్వే తయారుజేసినట్టు. రేపు ఊరంత ఏమంటది?"

ఈ యాత్రలో నన్ను సంపూర్ణంగా, ఏ సందేహమూ లేకుండా పురుషుడిగా గుర్తించిన తొలి వ్యక్తి మా అత్తమ్మ. ఆమెకు నా కృతజ్ఞతలు. కలం మాత్రం మళ్లీ మామ జేబులోకి వెళ్లిపోయింది.

"మన ఊరి వీరభద్రునికి మొక్కుకో, అంత మంచిగైతది" అన్నాడు మామ. సంతకం కూడా పెట్టి మొక్కుకుంటే ఇంకా మంచిదన్నాను. ఆయన మిరపకాయలు కుప్పచేయడానికి లేచాడు.

అర కిలో ఎండు మిరపకాయలు మూటగట్టి ఇచ్చారు. మనిషికి ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా పంపడం మా వైపు మర్యాద కాదు.

భూపాలపల్లి: మెస్సు బంద్

మరునాడు నర్సంపేటలో బస్సు మారి, అడవి దాటి, బొగ్గు లారీల వెనక నెమ్మదిగా భూపాలపల్లి చేరాను. దారిలో నిద్రమత్తులో కళ్లు నులుముకున్నాను. ముందురోజు సాయంత్రం దాకా మిరపకాయలు తిరగేసిన చేతులవి. ఎన్నిసార్లు కడిగినా ఆ ఘాటు బంధుత్వంవంటిదే, వదలదు. చిన్నవ్వ ఇంటి ముందు నిలబడేసరికి ముఖమంతా కన్నీళ్లు, ముక్కు ఎర్రబారి ఉంది.

"ఏడ్చినవా?" అంది చిన్నవ్వ.

"లేదు. మిరప."

"మీ మామింటికి వోయొచ్చినోల్లందరు గదే చెప్తరు" అని, మజ్జిగతో తడిపిన గుడ్డ కళ్లమీద వేసింది.

చిన్నవ్వకు నలభై ఎనిమిదేళ్లు. భర్త బొగ్గు బావిలో పనిచేసి, పదేళ్ల కిందట చనిపోయాడు. ఆమె గని కార్మికులకు మెస్సు నడుపుతుంది. అన్నం, పప్పు, పచ్చిపులుసు ఎనభై రూపాయలు; కోడికూర ఉన్న రోజు నూటఇరవై. హైదరాబాదు హోటళ్లలో మారు వడ్డించమంటే వినపడనట్టు పోతారు. ఇక్కడ వద్దన్నా వినపడదు.

మధ్యాహ్నం మొదటి షిఫ్టువాళ్లు తిని వెళ్లాక కాగితం ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. "నువ్వే సదువు. మెల్లగ సదువు" అంది. ఇంత కాలం అందరికీ అడిగినదానికి మించి వివరణలు ఇస్తూ తిరిగిన నన్ను, చదవమని అడిగిన మొదటి మనిషి ఆమె. ఛాతీ గురించి చదివాను. గొట్టాలు ఎన్ని రోజులు, పట్టీ ఎప్పుడు విప్పాలి, ఎటు తిరిగి పడుకోవాలి అని అడిగింది. బేరం చేసే మనిషి అడిగినంత సూటిగా. తర్వాత గర్భసంచి పేజీ వచ్చింది. అది చదవగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"గిది మళ్ల సదువు."

మళ్లీ చదివాను. గర్భసంచితోపాటు అండాశయాలు తీస్తే శరీరానికి హార్మోను అందదు, బయటినుంచి ఇవ్వకపోతే వయసుకు ముందే ఒళ్లు మంటలు, చెమటలు, ఎముకల బలహీనత రావచ్చునని అందులో ఉంది. నేను సూదులు తీసుకుంటూనే ఉంటాను కనుక వైద్యులు దానిని చూసుకుంటారు.

చిన్నవ్వ కడిగిన పళ్లెం ఒకటి ఒళ్లోకి తీసుకుంది.

"నాకు ఇరవయ్యారేండ్లకు తీసిండ్రు" అంది. "కడుపునొప్పని వోయిన. ఇద్దరు పిల్లలైండ్రు గద, ఇంక దాంతోని నీకేం పనన్నడు డాక్టర్. పొద్దుగాల వోయినం, మాపటికి తీసిండ్రు. ఏడాది దిరగకముందే ఒళ్లంత మంటలు. చలికాలం గూడ ఆకిట్ల పండుకుంటుండె. మా అత్త నాకు గాలి సోకిందని తాయెత్తు గట్టిచ్చింది. గా సంచితోని ఇంకేమన్న తీసిండ్రా, లేదా, ఎవలు జెప్పలే. నీకెన్ని కాగితాలడిగిండ్రు?"

"మనసు డాక్టర్లవి రెండు. ఏడాది ఆగమన్నరు."

"నా మనసు ఎవలడగలే" అంది, కోపం కూడా లేకుండా.

మా ఊళ్లలో ముప్పై నిండకుండానే గర్భసంచి తీయించుకున్న ఆడవారు నాకు పేర్లతో సహా తెలుసు. వారు కూలికి పోయారు, కలుపు తీశారు, నడుం పట్టుకుని బతికారు. ఏ అన్నా భూమి గురించి భయపడలేదు, ఏ అత్తమ్మా తలుపు వేయలేదు. అదే ఆపరేషన్ నేను కోరి, తెలిసి, రాసి అడిగితే మూడు జిల్లాలకు ఊపిరాడలేదు.

"సంతకం వెట్టినోల్లు ఏం జేయాలె?" అంది చిన్నవ్వ.

"బయట కూసోవాలె. తీసినంక లోపలికి పిలిచి చూపిస్తరు కావచ్చు."

ఆమె తల ఎత్తింది. "నాది గూడ తీసినంక బేసిన్ల వెట్టి మీ చిన్నబాపుకు జూపిచ్చిండ్రంట. నాకు జూపియ్యలే. ఇంటికొచ్చినంక అడిగిన, ఎట్లున్నదయ్యా అని. నాకేం దెల్సు, కండ్లు మూస్కున్న అన్నడు." కొంగుతో పళ్లెం అంచు తుడిచింది. "ఇద్దరు పిల్లలను మోసింది. ఎంతుండెనో, ఎట్లుండెనో ఇయ్యాల్టిదాక ఎరుకలే. నీది నాకు జూపిస్తరా?"

"అడుగుత. నాదే గద, నేను జెప్తె జూపిస్తరు."

"అయితె వస్త. ఏడ వెట్టాలె సంతకం?"

పొదుపు సంఘంలో నేర్చుకున్న అక్షరాలతో, గీత దాటకుండా, నాలుక కొస పళ్లమధ్య పెట్టుకుని సంతకం చేసింది. నా వృత్తిలో ఇన్ని ప్రూఫులు చూశాను. అంత తప్పులేని పంక్తి చూడలేదు.

శనివారం ఉదయం మెస్సు తలుపుకు తాళం వేస్తుండగా, రాత్రి షిఫ్టు దిగిన ఒక కార్మికుడు ఆకలిమీద వచ్చాడు.

"ఏందవ్వా, బందువెట్టినవ్?"

"ఆపరేషన్ ఉన్నది. పట్నం వోతున్న."

"ఎవలికి?"

"మా అక్క కొడుక్కు."

"అయ్యో. ఏం ఆపరేషన్?"

"గర్భసంచి."

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు, తల ఊపాడు. "మంచిగ జేయించుకో తమ్మీ" అని, చిన్నవ్వవైపు తిరిగి అసలు విషయం అడిగాడు. "మరి మాకు కూర ఎవలండుతరు?"

సోమవారం

హైదరాబాదు గురించి రాయడానికి ఏమీ లేదు, మీరందరూ చూసే ఉంటారు. సర్జన్‌కు చిన్నవ్వ కోరిక చెప్పాను. ఇలా అడిగినవారు ఎవరూ లేరని ఆయన కొంచెం ఆశ్చర్యపడి, సరేనన్నాడు. స్ట్రెచర్ కదులుతుంటే చిన్నవ్వ థియేటర్ బయట బల్లమీద, వీపు ఆనించకుండా, నిటారుగా కూర్చుని ఉంది. తనను లోపలికి పిలిచినప్పుడు వినపడకుండా పోతుందేమోనని చెవులమీదినుంచి కొంగు తీసేసింది.

మెలకువ వచ్చేసరికి ఛాతీ చుట్టూ పట్టీ, రెండువైపులా గొట్టాలు, పొత్తికడుపులో సలుపు. తల కిందికి వంచి చూసుకోవడానికి శక్తి లేదు. ఊపిరి మాత్రం పూర్తిగా పీల్చగలిగాను. మంచం పక్కన స్టూలుమీద చిన్నవ్వ ఉంది.

"జూసినవా?" అన్నాను.

"జూసిన. ఇంకోసారి జూపియ్యమంటె మళ్ల జూపిచ్చిండ్రు."

కుడిచెయ్యి పిడికిలి బిగించి నా ముఖం ముందు పెట్టింది. అది చాలదన్నట్టు, పిడికిలిని ఇంకొంచెం చిన్నది చేసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గింతే ఉన్నది బిడ్డా" అంది. "గిది జూడనీకేనా మీ చిన్నబాపు కండ్లు మూస్కున్నది!"